ఈటె పోయింది, ముఖం మిగిలింది
(రేడియో ప్రసంగ పాఠం)

ధ్యాన వాక్యములు: 1 సమూయేలు 16:7; అపొస్తలుల కార్యములు 5:29

రేడియోలో ఈ వర్తమానాన్ని విన్నవారు, వినలేకపోయి ఇప్పుడు పత్రికలో చదువుతున్నవారు, అందరూ కొద్ది నిమిషాలు నాతో కూడా ఒక దూరదేశపు దేవాలయంలోనికి రావాలని కోరుతున్నాను.

ముందుగా ఒక చిన్న ప్రశ్న. మారిషస్ ద్వీపం పేరు మీరు వినే ఉంటారు. 19వ శతాబ్దంలో మన కోస్తా జిల్లాల తెలుగువారు ఓడలెక్కి, చెరకు తోటల్లో కూలిపని కోసం ఆ ద్వీపానికి వెళ్లారు. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ తెలుగువారికి "కోరంగివాళ్లు" అనే పేరే పడింది. మరి ఆ ద్వీపానికి మారిషస్ అనే పేరు ఎలా వచ్చింది? 1598లో డచ్చి నావికులు తమ పాలకుడైన మారిస్ పేరును దానికి పెట్టారు. ఆ పాలకునికి ఆ పేరు ఎక్కడిది? అంతకు ముందు వందల ఏళ్లుగా ఐరోపాలో తల్లిదండ్రులు తమ బిడ్డలకు పెట్టుకుంటూ వచ్చిన ఒక హతసాక్షి పేరది. అంటే మన పూర్వీకులు కొందరు చెమటోడ్చి బ్రతికిన ఆ నేలకు, క్రీస్తు కొరకు ప్రాణం పెట్టాడని సంఘం చెప్పుకొన్న ఒక ఆఫ్రికా సైనికుని పేరు ఉన్నదన్నమాట. ఈరోజు మనం ధ్యానించబోయేది ఆయనను గురించే.

రాతిలో నిలిచిన సైనికుడు

జర్మనీ దేశపు తూర్పు భాగంలో ఎల్బ నది ఒడ్డున మాగ్డెబర్గ్ అనే పట్టణమున్నది. ఆ పట్టణంలో ఒక పెద్ద కేథడ్రల్ ఉన్నది. పొడవు సుమారు 120 మీటర్లు, జంట గోపురాల ఎత్తు సుమారు 100 మీటర్లు. 1207లో పాత దేవాలయం అగ్నికి ఆహుతి కాగా, 1209లో ఇప్పటి కట్టడానికి పునాది వేశారు. 1363లో ప్రతిష్ఠ చేశారు. గోపురాలు పూర్తయ్యేసరికి 1520 వచ్చింది. ఆలోచించండి ప్రియులారా, మూడు వందల పదకొండు సంవత్సరాలు! పునాది రాయి మోసినవాని మనుమడి మనుమడు కూడా గోపురం మీది చివరి రాయిని చూడలేదు.

ఆ దేవాలయపు గాయకస్థలంలో, ఒట్టో చక్రవర్తి సమాధికి దగ్గరలో, ఇసుకరాతిలో చెక్కిన ఒక సైనికుని శిల్పం నిలబడి ఉన్నది. దాదాపు 1240 - 1250 సంవత్సరాల మధ్య దానిని చెక్కారని పండితులు చెబుతారు. శిల్పి పేరు ఎక్కడా వ్రాసి లేదు. ఇనుప వలయాలతో అల్లిన కవచం తలను, మెడను, చేతులను కప్పి ఉన్నది. దానిపైన తోలుతో కుట్టి లోపల ఇనుప రేకులు బిగించిన చొక్కా. ఆనాటి యోధులు ఏమి తొడిగేవారో తెలుసుకోవాలంటే యుద్ధాయుధాల చరిత్రకారులు ఈనాటికీ ఈ శిల్పాన్నే చూస్తారు. ఎందుకంటే శిల్పి ఒక్క కుట్టును కూడా వదలకుండా చెక్కాడు.

కాలం దానిని మాత్రం వదలలేదు. కాళ్ల క్రింది భాగం లేదు. ఒకప్పుడు చేతిలో ఉన్న ఈటె లేదు. ఒకనాడు నిండుగా వేసిన రంగులు చాలావరకు వెలిసిపోయి, జాడలు మాత్రం మిగిలాయి. కాని ముఖం మిగిలింది. కవచపు తొడుగు మధ్యనుండి ఒక ముఖం మనవైపు చూస్తున్నది. వెడల్పైన ముక్కు, నిండైన పెదవులు, నల్లని రంగు. అది ఆఫ్రికా మనిషి ముఖం. ఎగతాళికి చెక్కిన ముఖం కాదది, భయపెట్టడానికి చెక్కిందీ కాదు. బ్రతికి ఉన్న ఒక నల్లని మనిషిని ఎదుట నిలబెట్టుకొని చెక్కాడా అన్నట్లుండే ముఖం. ఆయనే పరిశుద్ధ మారిస్. ఆ దేవాలయం ఆయన పేరనే, పరిశుద్ధురాలైన కేథరిన్ పేరనే ప్రతిష్ఠింపబడింది.

అంతకు ముందు ఐరోపా చిత్రకారులు మారిస్‌ను తమవంటి తెల్లవానిగానే చిత్రించారు. ఆయనను నల్లని ఆఫ్రికావానిగా చూపిన వాటిలో మనకు దక్కిన మొట్టమొదటి శిల్పం ఇదేనని కళాచరిత్రకారులు చెబుతారు.

ఎవరీ మారిస్?

ఐదవ శతాబ్దంలో లియోన్ పట్టణపు బిషప్పు యూకేరియస్ ఈ కథను వ్రాసిపెట్టాడు. మూడవ శతాబ్దం చివరిలో మాక్సిమియన్ చక్రవర్తి సైన్యంలో ఐగుప్తులోని తేబేసు ప్రాంతం నుండి వచ్చిన ఒక దళమున్నది. అందులోనివారు క్రైస్తవులు. నాయకుడు మారిస్. ఆల్ప్స్ పర్వతాలలో అగౌనం అనేచోట దళం విడిది చేసినప్పుడు, క్రైస్తవులను పట్టి హింసించమని చక్రవర్తి ఆజ్ఞ వచ్చింది. వారు ఒప్పుకోలేదు. చక్రవర్తి మండిపడి, పదిమందిలో ఒకనిని వరుసగా చంపించాడు. మిగిలినవారు లొంగలేదు. మరల పదింట ఒకనిని చంపించాడు. అప్పటికీ లొంగలేదు. చివరికి అందరినీ నరికించాడు. వారి చేతుల్లో కత్తులున్నాయి, సంఖ్యాబలమున్నది, అయినా తిరగబడలేదు. మేము మొదట దేవునికి ప్రమాణం చేశాము, తరువాతనే నీకు ప్రమాణం చేశాము. మొదటిది తప్పితే రెండవదానిని నీవు మాత్రం ఎలా నమ్ముతావు అని వారు చక్రవర్తికి జవాబు పంపారని యూకేరియస్ భావం.

ప్రియులారా, నేను మీకు సత్యమే చెప్పాలి. ఇది పరిశుద్ధ గ్రంథములోని వృత్తాంతము కాదు. సంఘటన జరిగిందని చెప్పే కాలానికీ, వ్రాసిన కాలానికీ మధ్య నూరేళ్లకు పైగా ఉన్నాయి. ఒక దళం మొత్తం, అంటే 6600 మంది, ఒకేచోట హతులయ్యారన్న మాటను చరిత్రకారులు చాలామంది ఒప్పుకోరు. కొద్దిమంది సైనికుల మరణ జ్ఞాపకం పెరిగి పెద్దదైందని కొందరంటారు. అయితే ఆ స్థలంలో హతసాక్షుల జ్ఞాపకం చాలా పాతదన్నది నిజం. 515లో బర్గండీ రాజు సిగిస్మండ్ అక్కడ ఒక మఠం స్థాపించాడు. స్విట్జర్లాండ్‌లోని ఆ ఊరిని నేటికీ సెయింట్ మారిస్ అనే పిలుస్తారు, ఆ మఠం నేటికీ ఉన్నది.

ఐగుప్తు సైనికుడు జర్మనీకి ఎలా వచ్చాడు? 937లో ఒట్టో రాజు మాగ్డెబర్గ్‌లో మారిస్ పేరున ఒక మఠం కట్టించాడు. తరువాత ఆయన ఎముకలని నమ్మిన వాటిని అక్కడికి తెప్పించాడు. 968లో ఆ పట్టణం ఆర్చిబిషప్పు స్థానమైంది. 973లో ఒట్టో చనిపోగా ఆ దేవాలయంలోనే పాతిపెట్టారు. అందుకే ఈ శిల్పం చక్రవర్తి సమాధి దాపున నిలిచింది.

ఎందుకు నల్లగా చెక్కారు?

దీనికి పండితులు కొన్ని కారణాలు చెబుతారు. మౌరీషియస్ అనే లాటిను పేరులోనే ఉత్తర ఆఫ్రికా ప్రజలైన మూరుల పేరు ధ్వనిస్తుంది. 12వ శతాబ్దంలో జర్మను భాషలో వ్రాసిన చక్రవర్తుల చరిత్ర కావ్యం ఒకటి ఆయనను మూరుల నాయకుడనే పిలిచింది. శిల్పం చెక్కే కాలానికి చక్రవర్తిగా ఉన్న రెండవ ఫ్రెడరిక్ ఇటలీలో కొలువు తీర్చేవాడు. ఆయన కొలువులో ఆఫ్రికావారు ఉండేవారు గనుక నల్లని మనుష్యులను చూచినవారు జర్మనీలోనూ ఉన్నారు. క్రీస్తు రాజ్యం భూదిగంతముల వరకు వ్యాపించిందని చూపాలన్న ఉద్దేశమూ ఉండవచ్చు.

కారణమేదైనా, ఫలితం చూడండి. ఒక ఉత్తర దేశపు దేవాలయంలో, చక్రవర్తి సమాధి ప్రక్కన, నల్లని మనిషి సేవకునిగా కాదు, బానిసగా కాదు, కాపలాదారుగా కూడా కాదు, ఆ దేవాలయానికి పేరిచ్చిన పరిశుద్ధునిగా నిలబడ్డాడు. అక్కడినుండి ఆ రూపం జర్మనీ అంతటా పాకింది. లూథరు స్నేహితుడైన లూకాస్ క్రానాక్ చిత్రశాలలో కూడా నల్లని మారిస్ చిత్రం తయారైంది. కోబర్గ్ అనే పట్టణపు ముద్రలో నల్లని మారిస్ తల ఉండేది. 1934లో నాజీలు దానిని తీసివేసి, తమ స్వస్తిక గుర్తుతో కూడిన కత్తిని పెట్టారు. 1945లో పట్టణం మరల మారిస్ తలనే పెట్టుకున్నది.

విగ్రహమా, సాక్ష్యమా?

ఇక్కడ మీలో కొందరు నన్ను ఆపుతారని నాకు తెలుసు. "అయ్యగారూ, మనం ప్రొటెస్టెంటులం కదా. నిర్గమకాండము 20వ అధ్యాయంలో దేవుడు విగ్రహాలను చేసికొనకూడదని ఖండితంగా ఆజ్ఞాపించాడు కదా. రాతి బొమ్మను గురించి ప్రసంగమేమిటి?" అని. మంచి ప్రశ్న. ఆ కారణం చేతనే నేను మొదటినుండి విగ్రహం అనకుండా శిల్పం అంటున్నాను.

ఈ దేవాలయం 1567 నుండి ప్రొటెస్టెంటు ఆరాధన జరిగే స్థలం. ఇంకొక సంగతి చెబుతాను. 1517లో మార్టిన్ లూథరు పాపపరిహార పత్రాల అమ్మకాన్ని ఖండించే తన 95 వాదాంశాలను ఉత్తరంతో పాటు ఎవరికి పంపాడు? ఆల్‌బ్రెక్ట్ అనే ఆర్చిబిషప్పుకు. ఆయన మైన్జ్‌కు మాత్రమే కాదు, మాగ్డెబర్గ్‌కు కూడా ఆర్చిబిషప్పు. ఆ ఆల్‌బ్రెక్ట్‌కు పరిశుద్ధుల ఎముకలు పోగుచేయడం గొప్ప ఇష్టం. గ్రూనెవాల్డ్ అనే చిత్రకారునిచేత నల్లని మారిస్ నిలువెత్తు చిత్రం వేయించినది కూడా ఆయనే. అంటే ఏ వ్యాపారానికి వ్యతిరేకంగా దిద్దుబాటు మొదలైందో, ఆ వ్యాపారపు నీడ ఈ మారిస్ మీద కూడా పడింది. ఎముకలను ముద్దుపెట్టుకుంటే పాపక్షమాపణ రాదు. రాతికి మ్రొక్కితే రక్షణ రాదు. దేవునికిని నరులకును మధ్యవర్తి ఒక్కడే, ఆయన క్రీస్తుయేసు. ఈ విషయంలో మనకు సందేహం లేదు.

కాని అదే లూథరు 1522 మార్చిలో విట్టెన్‌బర్గ్‌లో వరుసగా ప్రసంగాలు చేసి, దేవాలయాల్లోని బొమ్మలను దౌర్జన్యంగా పగులగొట్టేవారిని ఆపాడు. వాక్యం హృదయంలోని విగ్రహాన్ని పడగొడితే గోడమీది బొమ్మ దానంతటదే బలం కోల్పోతుందని ఆయన బోధ సారాంశం. హెబ్రీ పత్రిక 13:7లో దేవుని వాక్యము బోధించి వెళ్లిపోయినవారిని జ్ఞాపకం చేసికొని, వారి ప్రవర్తన ఫలాన్ని శ్రద్ధగా తలంచి, వారి విశ్వాసాన్ని అనుసరించమని వ్రాయబడింది. జ్ఞాపకం చేసికోవడం వేరు, పూజించడం వేరు. మన ఇంటి గోడమీద తాతగారి ఫొటో పెట్టుకుంటాం, తాతగారికి ప్రార్థన చేయం. ఆ గీత దాటకుండా ఈ రాతిని చూస్తే, అది మనకు సాక్ష్యమవుతుంది.

చంపనన్నవానికి యుద్ధజెండా

ఇప్పుడు ఒక బాధాకరమైన మాట. అమాయకులను చంపనని ప్రాణం పెట్టినవాడు మారిస్ అని కథ చెబుతుంది. కాని రాజులు ఆయనను ఏమి చేశారు? తమ యుద్ధాలకు కాపరిగా చేసికొన్నారు. చక్రవర్తులు మోసుకొని తిరిగిన పవిత్ర ఈటెకు మారిస్ ఈటె అని పేరు పెట్టారు. మాగ్డెబర్గ్ ఎల్బ నది సరిహద్దున ఉన్నది. నది అవతల స్లావు జాతులవారు ఉండేవారు. వారిమీద సాగిన యుద్ధాలకు మారిస్ పేరు ఆశీర్వాదమైంది. 1147లో స్లావుల మీదికి వెళ్లిన క్రూసేడు సేనలలో ఒకటి కూడుకొన్నది ఈ మాగ్డెబర్గ్‌లోనే. సువార్తను కత్తిమొన మీద పెట్టి పంపారు. చంపడానికి నిరాకరించినవాని పేరున చంపారు!

ఇంకొకటి చూడండి. ఈ శిల్పం చెక్కిన రెండు వందల ఏళ్లకు, 1444లో, పోర్చుగల్ దేశపు లాగోస్ రేవులో ఆఫ్రికా మనుష్యులను ఓడలోనుండి దింపి, పశువులను పంచుకొన్నట్లు పంచుకొన్నారు. తరువాత నాలుగు శతాబ్దాలు ఆ వ్యాపారం సాగింది. దేవాలయంలో నల్లని పరిశుద్ధుడు, రేవులో నల్లని బానిస. రాతిని గౌరవించిన ఐరోపా మనిషిని అమ్ముకున్నది.

ఇది ఐరోపావారిని నిందించడానికి చెప్పడం లేదు. ప్రవక్తల సమాధులను అలంకరిస్తూ ప్రవక్తల మాటను త్రోసివేసేవారిని గురించి మత్తయి 23వ అధ్యాయంలో మన ప్రభువు మాట్లాడాడు. ఆ మాట ముందు నాకు తగిలింది. ఎలాగో చెబుతాను.

ఒక తల్లి నాతో చెప్పిన మాట

కొన్నేళ్ల క్రితం నేను సేవచేస్తున్న సంఘంలో క్రిస్మసు నాటకానికి సిద్ధపాటు జరుగుతున్నది. వారంలో ఒకరోజు సాయంత్రం ఒక తల్లి పాస్టరుగారి ఇంటికి, అంటే మా ఇంటికి, వచ్చింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అయ్యగారూ, తప్పుగా అనుకోవద్దండీ. మూడేళ్ల నుండి మా పాపకు గొర్రెలకాపరి వేషమే ఇస్తున్నారు. ఈ ఏడు దేవదూత వేషం కావాలని అడిగిందంట. నీ రంగుకు తెల్ల గౌను నప్పదు అన్నారంట. ఇంటికొచ్చి పౌడరు డబ్బా మొత్తం మొహానికి పూసుకొని అద్దం ముందు కూర్చున్నదండీ" అన్నది.

ప్రియులారా, ఆ మాట అన్నది సండేస్కూలులో ఎవరైనా కావచ్చు. కాని వేషాల జాబితా చూసి సరే అన్నది నేను. మూడేళ్లు దేవదూతల వరుసలో తెల్లని పిల్లలనే నిలబెట్టి, ఎంత చక్కగా ఉన్నారో అని మైకులో మెచ్చుకున్నదీ నేనే. ఆదివారం ఉదయం 1 సమూయేలు 16:7 మీద ప్రసంగం చేశాను. మనుష్యులు పైరూపాన్ని లక్ష్యపెడతారు, యెహోవా హృదయాన్ని లక్ష్యపెడతాడు అని బల్లగుద్ది చెప్పాను. సాయంత్రం పైరూపం చూసి వేషాలు పంచాను. వేదాంత కళాశాలలో గ్రీకు, హెబ్రీ నేర్చుకున్నాను గాని, నా కళ్లకు ఏమి అలవాటైపోయిందో నేర్చుకోలేదు.

మరునాడు వారి ఇంటికి వెళ్లి ఆ పాపను క్షమాపణ అడిగాను. దేవదూత వేషం ఇస్తానన్నాను. వద్దన్నది. ఆ ఏడు నాటకంలోనే ఉండనన్నది. నేను బలవంతం చేయలేదు. కళాశాల రోజుల్లో సంఘచరిత్ర పుస్తకంలో చూసిన ఈ మారిస్ ఫొటో జ్ఞాపకం వచ్చి, తరువాత ఒకరోజు తీసుకెళ్లి చూపించాను. చాలాసేపు చూసి, "తెల్లవాళ్ల చర్చిలో ఈయనను పెట్టారా అయ్యగారూ? నిజంగానా?" అని అడిగింది. నిజమేనమ్మా అన్నాను. "రాజుగారి పక్కనా?" అన్నది. అవునన్నాను. ఫొటో తన దగ్గరే ఉంచుకుంటానన్నది.

ఒక ఫొటోతో ఆ గాయం మానిందని నేను చెప్పను. కాని నాకు ఒక సంగతి అర్థమైంది. ఆ పాప మూడేళ్లు మన సండేస్కూలుకు వచ్చింది. ఇన్ని పాఠాలు విన్నది. దేవుని ఇంటిలో తనవంటి ముఖం గౌరవంగా నిలబడి ఉండడం ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. అది ఆమె తప్పు కాదు. బైబిలు తప్పూ కాదు. మనం చూపించలేదు.

బైబిలులో లేరా? యిర్మీయా 38వ అధ్యాయం తీయండి. ప్రవక్తను బురద గోతిలో దించి అందరూ ఊరుకున్నప్పుడు, రాజు దగ్గరకు ధైర్యంగా వెళ్లి మాట్లాడినవాడు కూషీయుడైన ఎబెద్మెలెకు. త్రాళ్లు ఒరుసుకొని ప్రవక్త చంకలు నొచ్చుకుంటాయేమోనని పాత గుడ్డపీలికలు కూడా వేసిన దయగలవాడు. సంఖ్యాకాండము 12లో మోషే కూషుదేశపు స్త్రీని పెండ్లి చేసికొన్నందుకు మిర్యాము సణిగింది. దేవుడు ఎవరి పక్షాన నిలిచాడు? సణిగిన మిర్యాము చర్మమే కుష్ఠుతో మంచువలె తెల్లనైంది. తెలుపు ఆశీర్వాదమనుకునేవారు ఆ అధ్యాయాన్ని మరొకసారి చదవాలి. అపొస్తలుల కార్యములు 8లో రథంలో యెషయా గ్రంథం చదువుతూ బాప్తిస్మము పొందినవాడు ఐతియొపీయుడు. 13వ అధ్యాయంలో అంతియొకయ సంఘపు ప్రవక్తలు, బోధకుల మధ్య నీగెరనబడిన సుమెయోను ఉన్నాడు. నీగెరు అంటే నల్లనివాడని అర్థం. పౌలును బర్నబాను సువార్తసేవకు పంపిన చేతులలో ఆ చేతులు కూడా ఉన్నాయి.

మరి మన ఇండ్లలో? పెండ్లి సంబంధం చూసేటప్పుడు "అమ్మాయి రంగెలా ఉంటుంది?" అన్నదే మొదటి ప్రశ్న. బిడ్డ పుట్టగానే ఆసుపత్రి మంచం దగ్గర అడిగేది రంగే. రంగు వెనుక కులం కూడా నక్కి కూర్చుంటుందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టె విరిచి, సంబంధాల దగ్గర, సమాధుల దగ్గర గీతలు గీసుకొనే సంఘం, మారిస్‌ను రాతిలో గౌరవించి రేవులో మనిషిని అమ్మిన ఐరోపాను ఏ నోటితో తప్పుపడుతుంది?

వద్దు అనగల విశ్వాసం

మారిస్ కథలో రెండవ పాఠం విధేయత. రోమా 13 ప్రకారం మనం అధికారులకు లోబడాలి. మారిస్ కూడా లోబడ్డాడు. సైనికుడై సేవించాడు, పిలిచినచోటికి వెళ్లాడు. కాని తోటి విశ్వాసులను చంపమన్నప్పుడు ఆగాడు. మనుష్యులకు కాదు, దేవునికే లోబడవలెనని పేతురు సభ ఎదుట చెప్పిన మాట అక్కడ పనిచేసింది. గమనించండి. ఆజ్ఞను నిరాకరించాడు గాని కత్తి దూయలేదు.

ఈ పాఠం ఆ పట్టణాన్ని కూడా పరీక్షించింది. 1548లో చక్రవర్తి ఐదవ చార్లెస్ ప్రొటెస్టెంటులను పాత ఆచారాలకు మళ్లించే ఆజ్ఞ జారీచేస్తే, అనేక పట్టణాలు తలవంచినా మాగ్డెబర్గ్ వంచలేదు. 1550లో అక్కడి పాస్టర్లు తమ విశ్వాస ప్రకటన వ్రాసి ప్రచురించారు. పై అధికారి దేవుని సత్యాన్ని అణచివేస్తే, క్రింది అధికారులు ప్రజలను కాపాడవలసిన బాధ్యత కలిగి ఉన్నారని అందులో వాదించారు. ఆ ఏడే పట్టణాన్ని ముట్టడించారు. ముట్టడించిన సేనాధిపతి సాక్సనీ ప్రభువు. ఆయన పేరేమిటో తెలుసా? మోరిట్జ్, అంటే మారిస్! పరిశుద్ధుని పేరు పెట్టుకున్నంత మాత్రాన పరిశుద్ధుని పక్షాన ఉన్నట్లు కాదు. బాప్తిస్మపు పేర్లు, బైబిలు పేర్లు పెట్టుకున్న మనకు కూడా ఇది హెచ్చరిక.

1631 మే 20న, ముప్పై సంవత్సరాల యుద్ధంలో, చక్రవర్తి సేనలు పట్టణంలో చొరబడి తగులబెట్టాయి. సుమారు 20,000 మంది చనిపోయారు. కేథడ్రల్‌లో తలదాచుకొన్నవారు బ్రతికి బయటపడ్డారు. 1945 జనవరి 16న బాంబుల దాడిలో పట్టణం మరల కాలిపోయింది. దేవాలయం దెబ్బతిన్నది. మరమ్మతులు చేసి 1955లో మరల తెరిచారు.

1989 శరత్కాలంలో తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వం ఇంకా అధికారంలో ఉండగానే, సోమవారం సాయంకాలాలు ప్రజలు ఆ కేథడ్రల్‌లో శాంతి ప్రార్థనలకు కూడుకున్నారు. మొదట కొద్దిమంది, తరువాత వేలమంది. బయట సాయుధ బలగాలున్నాయి. లోపల ఎవరిచేతిలోనూ ఆయుధం లేదు. ఆ నవంబరులో బెర్లిను గోడ తెరుచుకున్నది. ఆ జనసమూహం ప్రార్థన చేస్తున్నంతసేపు ఈ నల్లని సైనికుడు ఆ కప్పు క్రిందే ఉన్నాడు. ఆయన చేతిలో కూడా ఆయుధం లేదు. ఈటె ఎప్పుడో పోయింది.

ముగింపు

ప్రియ పాఠకులారా, ఈటె పోవడం నష్టమని నేనిప్పుడు అనుకోవడం లేదు. చక్రవర్తులు ఆయన చేతిలో పెట్టిన యుద్ధం పోయింది, దేవుడు ఆయనకిచ్చిన ముఖం మిగిలింది. మన జీవితంలో కూడా లోకం మన చేతికిచ్చిన ఈటెలున్నాయి. రంగు గర్వం, కులం గర్వం, అధికారి మెప్పు కోసం అన్యాయానికి తలవూపే అలవాటు. అవి విరిగిపోనివ్వండి. ప్రకటన 7:9లో ప్రతి జనములోనుండి, ప్రతి వంశములోనుండి వచ్చి సింహాసనం ఎదుట నిలిచిన గొప్ప సమూహాన్ని యోహాను చూశాడు. తెల్లని వస్త్రములు ధరించారన్నాడే గాని, తెల్లని చర్మం ధరించారనలేదు. ఆ తెల్లని గౌను నప్పని బిడ్డ పరలోకంలో ఒక్కరూ లేరు.

ఈ వారం రెండు పనులు చేయండి. మీ సంఘంలో ఎవరిని వెనుక వరుసకే పరిమితం చేశామో ఒక్కసారి కళ్లు తెరచి చూడండి. రెండవది, చేయకూడదని మనస్సాక్షి చెబుతున్నా పెద్దలు చెప్పారని చేస్తున్న పని ఏదైనా ఉంటే, కోపం లేకుండా, భయం లేకుండా, వద్దని చెప్పండి. దానికి దేవుడు మీకు కృప అనుగ్రహించును గాక.

ప్రార్థన చేసికొందము. పరిశుద్ధుడవైన తండ్రీ, నీ స్వరూపమందు మమ్మును సృజించినందుకు నీకు స్తోత్రము. పైరూపాన్ని చూచి నీ చిన్నబిడ్డలను నొప్పించిన మా పాపమును క్షమించుము. గాయపడిన ఆ చిన్న హృదయాలను నీవే స్వస్థపరచుము. నీకు విరోధమైన ఆజ్ఞ మా ఎదుటికి వచ్చిన దినమున, ద్వేషము లేని ధైర్యము మాకు దయచేయుము. హతసాక్షులకు ప్రభువును మా రక్షకుడునైన యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.